విజయనగరం నుంచి మౌంటెన్ బైక్ రేసుకి: ఎక్కడం వచ్చినవాళ్ళు దిగడం నేర్చుకోవడానికి ఒక సమగ్ర మార్గదర్శి

హిమాచల్‌లో నా మొదటి స్టేజ్ రేసు. మొదటి రోజు పొద్దున్నే పదకొండు కిలోమీటర్ల ఎక్కుడు. అందులో ఇరవై రెండు మందిని దాటాను. లెక్కపెట్టుకుంటూ మరీ దాటాను. శృంగవరపుకోట నుంచి అనంతగిరి దాకా వారం వారం తొక్కిన కాళ్ళు కదా అని లోపల్లోపల పొంగిపోయాను. పైన దేవదారు చెట్ల మధ్య దారి కిందికి తిరిగింది. తర్వాత పావుగంటలో ఆ ఇరవై రెండు మందీ, వాళ్ళతోపాటు ఇంకో పదిమందీ నన్ను దాటి వెళ్ళిపోయారు. ఒకమ్మాయి "భయ్యా, సైడ్!" అని అరుస్తూ నా మోచేతికి జానెడు దూరంలోంచి జారుకుంది. నేను మాత్రం రెండు బ్రేకులూ బిగబట్టి, వేళ్ళు కొంకర్లు పోయి, ముసలమ్మ మెట్లు దిగినట్టు దిగాను.

మన విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ళకి ఊపిరికీ కాళ్ళకీ లోటు లేదు. మనం రేసు పోగొట్టుకునేది చేతుల్లో, కడుపులో, సైకిల్ వెనక వేలెడంత అల్యూమినియం ముక్క దగ్గర. అందుకని నేను ఆ మూడింటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

1. ఏ రేసో ముందు తేల్చుకోండి

మౌంటెన్ బైక్ రేసు అనే ఒక్క పేరు కింద వేర్వేరు ఆటలున్నాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నుంచి ఉన్నది క్రాస్ కంట్రీ. నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల ల్యాప్‌ని మళ్ళీ మళ్ళీ తిరగాలి. ఎలైట్ వాళ్ళకి గంటా ఇరవై, గంటా నలభై నిమిషాల మధ్యలో అయిపోతుంది. చిన్నదే కదా అనుకోకండి, స్టార్ట్ నుంచి ఫినిష్ దాకా గుండె గొంతులోనే ఉంటుంది. దీంట్లో 80 శాతం రూలు ఒకటి ఉంది. ముందున్నవాడు మొదటి ల్యాప్ పదిహేను నిమిషాల్లో కొట్టాడనుకోండి, మీరు అతనికి పన్నెండు నిమిషాలు వెనకబడితే చాలు, మార్షల్, అంటే దారిలో కాపలా ఉండే రేసు నిర్వాహకుల మనిషి, మిమ్మల్ని పక్కకి తీసేస్తాడు. గట్టివాళ్ళ మధ్యకి వెళ్ళే కొత్తవాళ్ళలో చాలామంది కథ అక్కడే ముగుస్తుంది.

మారథాన్ అంటే 60 నుంచి 160 కిలోమీటర్లు, ఒక్కరోజులో. స్టేజ్ రేసు అంటే రోజుకో మారథాన్ లాంటిది, వరసగా కొన్ని రోజులు. మన దేశంలో 2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ ఈ రకానిదే. దక్షిణాఫ్రికాలో జరిగే కేప్ ఎపిక్ అయితే ఎనిమిది రోజులు, ఇద్దరిద్దరు జట్లుగా తొక్కాలి, ఆ ఇద్దరి మధ్య రెండు నిమిషాల కంటే ఎక్కువ ఎడం ఉండకూడదు. కొండంటే హిమాలయాలే అనుకోనక్కర్లేదు. 2023 అక్టోబరులో ఆసియా చాంపియన్‌షిప్ కేరళలో, తిరువనంతపురం దగ్గరి పొన్ముడిలోనే జరిగింది.

వయసు లెక్క కూడా చూసుకోండి. 17, 18 ఏళ్ళవాళ్ళు జూనియర్లు, 19 నుంచి 22 దాకా అండర్-23, ఆపైన ఎలైట్, 30 దాటితే మాస్టర్స్‌కి వెళ్ళొచ్చు. నేషనల్స్ ఆడాలంటే రాష్ట్ర సైక్లింగ్ సంఘం ద్వారానే వెళ్ళాలి. ఎవరి ఫీజు వాళ్ళు కట్టుకుని దిగే ఓపెన్ రేసులు వేరు.

నా సలహా అడిగితే ముందు ఒక్కరోజు మారథాన్ ఒకటి పూర్తి చేయండి, తర్వాతే స్టేజ్ రేసు. నేను తలకిందులుగా చేశాను.

2. సైకిల్ మీద డబ్బు ఎక్కడ పెట్టాలి

అందరూ ముందు గేర్ల గురించే అడుగుతారు. ఇప్పటి రేసు సైకిళ్ళకి ముందు ఒకటే పళ్ళచక్రం, వెనక పన్నెండు. ముందు 32 పళ్ళు, వెనక పెద్దది 51 పళ్ళు. ఆ గేరులో పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 0.63 చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు మీ పాత మూడు పళ్ళచక్రాల సైకిల్ చూడండి. ముందు చిన్నది 22, వెనక పెద్దది 34 అయితే లెక్క 0.65. అంటే నిట్టనిలువు ఎక్కుడులో రెండిటికీ దాదాపు తేడా లేదు! కొత్తది తేలికే, చెయిన్ తక్కువ ఊడుతుంది, కాదనను. కానీ మొదటి రేసుకి అప్పుచేసి మార్చాల్సింది అది కాదు.

మార్చాల్సినవి రెండు. ఒకటి హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, అంటే తీగతో కాకుండా నూనె ఒత్తిడితో పట్టేవి. కేబుల్ బ్రేకుతో అరగంట దిగుడు దిగితే మీ ముంజేతులు రాళ్ళవుతాయి. రెండోది ట్యూబ్‌లెస్ టైర్లు. సస్పెన్షన్ ముందు ఉంటే చాలు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో మంచి నూనె ఉండి, మీ బరువుకి తగిన గాలి పెట్టుకుని, మీరు ఎక్కి కూర్చుంటే ఐదోవంతు దాకా కుంగితే అది సరిగ్గా ఉన్నట్టు.

3. మన దగ్గర ఎక్కడ తొక్కాలి

ఎక్కడానికి కొదవ లేదు. శృంగవరపుకోట నుంచి బొడ్డవర మీదుగా అనంతగిరి ఘాట్ ఉంది. సాలూరు దాటాక సుంకి వైపు ఒడిశాలోకి ఎక్కే ఘాట్ ఉంది. లారీలు ఎక్కువ, ఐదింటికల్లా మొదలెట్టాలి. ఇవి తారు రోడ్లు. ఊపిరికి పనికొస్తాయి, చేతులకి పనికిరావు.

మట్టికి తాటిపూడి రిజర్వాయర్ చుట్టుపక్కల బాటలు, జీడిమామిడి తోటల్లో ఎర్ర గ్రావెల్ దారులు. ఇసుకలో హ్యాండిల్ వదులుగా పట్టుకోవడం నేర్చుకోవాలంటే చింతపల్లి తీరమో, శ్రీకాకుళం వాళ్ళయితే కళింగపట్నం, బారువ. ఒక్క హెచ్చరిక. ఉద్దానం జీడి తోటల్లో ఎలుగుబంట్లు నిజంగానే తిరుగుతాయి, మనుషుల మీద పడ్డ సంఘటనలు ఉన్నాయి. తెల్లారకుండా అటు ఒంటరిగా వెళ్ళకండి. కురుపాం, కొమరాడ వైపు ఏనుగుల గుంపు ఎక్కడుందో ఊళ్ళో కనుక్కునే కదలండి. సైకిల్ చప్పుడు చెయ్యదు, వాటికి మనం వస్తున్నట్టు తెలియదు. అదే ప్రమాదం.

పదహారు వారాలు పెట్టుకోండి. వారంలో తొక్కే సమయంలో ఐదింట నాలుగు వంతులు మాట్లాడుతూ తొక్కగలిగేంత నెమ్మదిగా ఉండాలి. మిగతా ఒక్క వంతు నాలుగైదు నిమిషాల గట్టి ఎక్కుళ్ళు, మధ్యలో అంతే విరామం, ఐదారుసార్లు. ఆదివారం పొడుగు సవారీ, మొదట మూడు గంటలు, చివరికి ఐదారు. ప్రతి నాలుగో వారం సగానికి తగ్గించండి. మన కుర్రాళ్ళు చేసే తప్పు రోజూ ఓ మోస్తరు గట్టిగా తొక్కడం. అలసట వస్తుంది, వేగం రాదు.

4. దిగడం: ఇక్కడే ఆగి నేర్చుకోండి

ముందు నిలబడే తీరు. రెండు పెడళ్ళూ నేలకి సమానంగా, మడమలు కిందికి, సీటు మీంచి లేచి, మోకాళ్ళూ మోచేతులూ బయటికి వంచి, గడ్డం హ్యాండిల్ మధ్యకి పైన. భయమేస్తే వెనక్కి పోయి కూర్చోవాలనిపిస్తుంది. పోకండి. మీరు వెనక్కి పోతే ముందు చక్రం మీద బరువు పోతుంది, బరువు లేని చక్రం చెప్పిన మాట వినదు.

బ్రేకు ఒక్క వేలితో. చూపుడు వేలు లివర్ చివర, మిగతా మూడూ గ్రిప్ మీద. మనకి చిన్నప్పటి నుంచి "ముందు బ్రేకు వెయ్యకురా, బోర్లా పడతావు" అని చెప్పి పెంచారు. నిజానికి ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. వెనకది ఒక్కటే బిగిస్తే చక్రం ఆగి జారుతుంది, సైకిల్ ఆగదు. మలుపుకి ముందు, సైకిల్ నిటారుగా ఉండగా రెండూ వేసి వేగం తగ్గించండి. మలుపులోకి వచ్చాక వదిలెయ్యండి. మన ఎర్ర గ్రావెల్ మీద మలుపు మధ్యలో బ్రేకు వేస్తే ఏమవుతుందో గోళీలు పోసిన గచ్చు మీద పరిగెత్తిన ఎవరికైనా తెలుసు.

దీనికి కొండ అక్కర్లేదు. నేను నేర్చుకుంది ఎక్కువగా మా ఊరి చెరువు కింద వరిగట్ల మీద. అడుగు వెడల్పు గట్టు, రెండు పక్కలా బురద. పడితే దెబ్బ తగలదు, పరువు పోతుంది. ఎంత నెమ్మదిగా వెళ్తే అంత కష్టం. చక్రం వైపు చూస్తే చక్రం బురదలోకే పోతుంది. పది పన్నెండు అడుగుల ముందుకి చూస్తే దానంతటదే గట్టు మీద ఉంటుంది. అక్కడ మేకలు కాసే తాత ఒకాయన రోజూ అడిగేవాడు, "ఏటి బాబూ, బంగారం లాటి రోడ్డుండగా గట్లంట పడి పోతన్నావు?" అని. రెండు నెలలు పోయాక ఆయనే, "ఇయ్యాల పడలేదేటి?" అని నిరాశగా అడిగాడు.

తర్వాత మెట్టు దిగడం. ఇంటి అరుగు నుంచి మొదలెట్టండి, జానెడు ఎత్తు. అంచు దగ్గర చేతులు ముందుకి చాపుతూ సైకిల్‌ని కిందికి పోనివ్వాలి, లాక్కోకూడదు. వందసార్లు చేస్తే శరీరానికి అలవాటవుతుంది. తర్వాత రెండడుగుల గట్టు. హెల్మెట్, మోకాలి ప్యాడ్‌లు, పూర్తి వేళ్ళ గ్లవ్స్ లేకుండా వద్దు.

చివరికి చేతుల ఓపిక. తాటిపూడి దగ్గర ఒకే చిన్న దిగుడుని పదిసార్లు దిగండి. మూడోసారికి ముంజేతులు బిగుసుకుంటాయి. గ్రిప్పుని పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోవడం ఏడోసారికి గానీ తెలియదు.

5. టైర్లో గాలి

దీన్ని చిన్న విషయంగా తీసిపారేస్తారు. పెట్రోల్ బంకు గేజీ ఈ పనికి రాదు, మనకి కావాల్సింది ఒక్కొక్క పాయింటు తేడా. గేజీ ఉన్న ఫుట్ పంపు కొనుక్కోండి. అరవై అయిదు కిలోల మనిషి, 29 అంగుళాల చక్రం, రెండుంబావు అంగుళాల ట్యూబ్‌లెస్ టైరు అయితే ముందు 20, వెనక 22 పీఎస్ఐతో మొదలెట్టొచ్చు. ట్యూబు ఉంటే ఏడెనిమిది ఎక్కువ పెట్టండి, లేకపోతే రాయి కొట్టి ట్యూబుకి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి.

ఒక ఉదయం కూర్చుని ఇలా చూడండి. ఒకే గ్రావెల్ మలుపు, ఒకే వేగం. 26తో తిరగండి, ముందు చక్రం చిన్నగా ఎగురుతూ బయటికి లాగుతుంది. 24కి దించండి. 22. ఎక్కడో ఒకచోట టైరు నేలని కరుచుకున్నట్టు తెలుస్తుంది. ఇంకా దించుతూ పోతే ఒకసారి రాయి మీద రిమ్ము "టంగ్"మంటుంది. అక్కణ్ణుంచి రెండు పాయింట్లు పెంచి, ఆ అంకె హ్యాండిల్ మీద టేపు అంటించి రాసుకోండి. చిల్లులు పూడ్చడానికి ట్యూబ్‌లెస్ టైరు లోపల పోసే సీలెంట్ ద్రవం మన ఎండలకి తొందరగా ఎండిపోతుంది. రెండు నెలలకోసారి చక్రం ఊపి చూడండి, కళపెళమని వినపడకపోతే మళ్ళీ పొయ్యాలి.

6. కడుపు

గంటన్నర దాటే రేసులో గంటకి కనీసం అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. అలవాటైనవాళ్ళు తొంభై దాకా తీసుకుంటారు. ఖరీదైన జెల్ పొట్లాలే కావాలని లేదు. ముప్పావు లీటరు సీసాలో అరవై గ్రాముల పంచదార, అంటే మామూలు టీ స్పూనుతో పన్నెండు నుంచి పదిహేను. పావు స్పూను ఉప్పు, అరచెక్క నిమ్మరసం. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పేగు వాటిని రెండు వేరే దారుల్లో పీల్చుకుంటుంది, అందుకే ఒకటే రకం కంటే ఎక్కువ పడుతుంది. కానీ ఆ పేగుకి కూడా అలవాటు కావాలి. రేసుకి ఆరు వారాల ముందు నుంచి ఆదివారం సవారీలో ఇదే తాగండి. మొదట్లో కడుపు ఉబ్బుతుంది, తర్వాత సర్దుకుంటుంది.

ఎంత తాగాలో తెలియాలంటే గంట తొక్కే ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు చెమట. మే నెలలో మన ఉక్కపోతకి గంటకి లీటరు దాటినా ఆశ్చర్యం లేదు. ఉప్పు లేని ఉత్త నీళ్ళు కడివెడు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది.

చోడి (రాగి) అంబలి మహా మంచిది, కానీ మామూలు రోజుల్లో. రేసు పొద్దున్న పీచు ఉన్నవేవీ వద్దు. మూడు గంటల ముందు తెల్ల అన్నం, కాస్త పెరుగు. బయటి ఊళ్ళో హోటల్ వాడు నాలుగింటికి అన్నం పెట్టడు కాబట్టి ఇంటి నుంచి అటుకులు పట్టుకెళ్ళండి, వేడి నీళ్ళు దొరికితే చాలు. పలాస జీడిపప్పు జేబులో వేసుకునేవాళ్ళని చూశాను. కొవ్వు పొట్టలోంచి కదలడానికి టైమ్ పడుతుంది, ఆ రుచి రేసయ్యాకే.

7. వేలెడంత ముక్క

గేరు మార్చే డీరైలర్‌ని ఫ్రేముకి తగిలించే చిన్న ముక్క పేరు హ్యాంగర్. కావాలనే మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. దెబ్బ తగిలితే అది విరిగి ఫ్రేముని కాపాడుతుంది. తిప్పలేమిటంటే ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారం. అందరికీ సరిపోయే యూనివర్సల్ హ్యాంగర్ 2019లో వచ్చింది, కానీ అంతకు ముందటి సైకిళ్ళు మన చేతుల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఆ హిమాచల్ రేసుకి నా సైకిల్ పెట్టె పార్సిల్‌లో వెళ్ళింది. దాని మీద ఇంకేం పెట్టెలు వేశారో గానీ, విప్పి బిగించాక పెద్ద పళ్ళచక్రం మీద చిన్న కరకర శబ్దం. కేబుల్ సాగిందిలే అని మర తిప్పి సరిపెట్టుకున్నాను. మూడో రోజు నిట్టనిలువు ఎక్కుడులో చివరి గేరు వేశాను. లోపలికి వంగి ఉన్న హ్యాంగర్ డీరైలర్‌ని నేరుగా చువ్వల్లోకి తోసింది. టప్‌మని శబ్దం, పెడల్ ఖాళీగా తిరిగింది. చూస్తే హ్యాంగర్ రెండు ముక్కలు, డీరైలర్ చచ్చిన తేలులా చెయిన్‌కి వేలాడుతోంది. చెయిన్ కత్తిరించి ఒకే గేరుకి బిగించాను. అది వంద గజాలకోసారి ఊడింది. మిగిలిన పంతొమ్మిది కిలోమీటర్లలో సగం నడిచాను. ఆ రోజు చేరాల్సిన గడువుకి, అంటే కటాఫ్‌కి, ఏడు నిమిషాలు ఆలస్యం.

కాబట్టి, మీ ఫ్రేము నంబరు చెప్పి సరైన హ్యాంగర్లు రెండు కొనండి. ఒకటి సీటు కింద సంచిలో, ఒకటి ఇంట్లో. ప్యాక్ చేసేటప్పుడు డీరైలర్ విప్పి బబుల్ షీట్ చుట్టి ఫ్రేము లోపలికి కట్టండి. చక్రాలు తీశాక బ్రేకు ప్యాడ్‌ల మధ్య అట్టముక్క పెట్టండి, లేకపోతే ఎవరో లివర్ నొక్కుతారు, ప్యాడ్‌లు అతుక్కుపోతాయి. బిగించాక వెనక నిలబడి చూడండి. డీరైలర్ రెండు చిన్న చక్రాలూ, పైన పళ్ళచక్రమూ ఒకే గీతలో కనపడాలి. పక్కకి వాలితే పెద్ద గేరు ముట్టుకోకండి, ముందు సరిచేయించండి.

సంచిలో ఇంకా ఉండాల్సినవి: చెయిన్ కట్టర్ ఉన్న మల్టీటూల్, తెగిన చెయిన్‌ని చేత్తో కలిపే క్విక్ లింకులు మీ చెయిన్‌కి సరిపడేవి రెండు, టైరు చిల్లుకి దూర్చే రబ్బరు ప్లగ్గులు, ఒక ట్యూబు, చిన్న పంపు, నాలుగు జిప్ టైలు. కళ్ళకి గంతలు కట్టుకుని ట్యూబు మార్చడం రెండుసార్లు ప్రాక్టీసు చేయండి. నవ్వుకోండి గానీ, చలికి వేళ్ళు మొద్దుబారినప్పుడు అంతే ఉంటుంది.

8. ఎత్తు, చలి, ప్రయాణం

మనం సముద్రం పక్కవాళ్ళం. కొండల మీదికి వెళ్ళినా సిమిలిగుడ రైల్వే స్టేషన్ 996 మీటర్లే. హిమాచల్‌లో జలోరీ కనుమ 3,100 మీటర్లు దాటుతుంది. మూడు వేల మీటర్ల దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్ళో దానిలో దాదాపు 70 శాతమే. దీనికి ఇక్కడ చేసే సాధన ఏదీ లేదు, వారం ముందు వెళ్ళి అక్కడ ఉండటమే మందు. మొదటి రెండు రోజులు నడక, చిన్న సవారీ. తలనొప్పీ వికారమూ కలిసి వస్తే ఇంకా పైకి వెళ్ళకండి, తగ్గకపోతే కిందికి దిగిపోండి. మాత్రల సంగతి డాక్టర్నే అడగండి.

విజయనగరం నుంచి సమతా ఎక్స్‌ప్రెస్ నేరుగా ఢిల్లీలోని నిజాముద్దీన్ చేరుస్తుంది, అక్కణ్ణుంచి బస్సు. ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు అదే చెమట మంచులా తగులుతుంది. జేబులో పట్టే విండ్ జాకెట్ ఉంచుకోండి. లేదంటే పాత రేసర్లు చేసినట్టు కనుమ మీద ఒక న్యూస్‌పేపర్ జెర్సీ లోపల ఛాతీ మీద దోపుకోండి. నేను వాడాను, పనిచేస్తుంది.

9. రేసు వారం, రేసు రోజు

చివరి వారం తొక్కే గంటలు సగానికి తగ్గించి, సైకిల్ మీద రెండు మూడు చిన్న గట్టి తొక్కుళ్ళు మాత్రం ఉంచండి. కొత్త చెప్పులు, కొత్త సీటు, కొత్త తిండి, ఏవీ వద్దు. కోర్సు ముందుగా చూడనిస్తే దిగుళ్ళు మాత్రం రెండేసిసార్లు చూడండి. భయపెట్టే చోట ఆగి, దిగి, వెనక్కి నడిచి, వేరేవాళ్ళు ఎటు నుంచి వెళ్తున్నారో గమనించండి.

స్టార్ట్‌లో ర్యాంకు ఉన్నవాళ్ళని ముందు పిలుస్తారు, మనం వెనక. టెన్షన్‌లో మొదటి పది నిమిషాలు ఊపిరాడకుండా తొక్కితే దాని వడ్డీ రెండో గంటలో కడతారు. క్రాస్ కంట్రీ అయితే తప్పదు, ఇరుకు దారి మొదలయ్యేలోపు ముందుకి చేరాలి, అందుకే ఇరవై నిమిషాలు వార్మప్ చేసుకోవాలి. మారథాన్‌కి ఆ తొందర లేదు. ఇరవై నిమిషాలకోసారి గడియారం మోగేలా పెట్టుకుని, ఆకలి ఉన్నా లేకపోయినా రెండు గుక్కలు తాగండి.

వెనకవాడు దారి అడిగితే వెడల్పు రాగానే ఇవ్వండి. మీరు దిగి నడుస్తుంటే మంచి దారి తొక్కేవాడిది, మీరు అంచుకి జరగాలి. మంచినీళ్ళూ మనుషుల సాయమూ నిర్ణయించిన జోన్లలోనే. బయట తమ్ముడు అందించిన సీసా కూడా తప్పే.

ఆపేయాల్సి వస్తే ఆపేయండి, కానీ నంబరు ప్లేటు విప్పి కనపడిన మొదటి మార్షల్‌కి చెప్పండి. చెప్పకుండా ఎవరిదో జీపెక్కి గదికి పోయి పడుకుంటే, చీకటి పడ్డాక మీ నంబరు కోసం లోయలోకి టార్చిలైట్లు వేసుకుని పదిమంది దిగుతారు.